మైలింటి తట్ట

పోయిన వారం సర్పంచి నాగరత్నమ్మను బడి మెట్ల మీద నిలబెట్టి మన పనులకు మనం పోయినాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎదురుగా ఊరు. పక్కన, పెనుకొండ నుంచి జీపులో వచ్చిన మలేరియా ఆఫీసరు మల్లికార్జున. ఆయన అడిగిన మాటకు ఆమె ఇంకా బదులు చెప్పలేదు.

ఆ మాట ఏందో, సంగతి అంతదూరం ఎందుకు వచ్చిందో మరిచిపోయినవాళ్ళకు క్లుప్తంగా చెప్తా. క్లుప్తంగా చెప్పడం నాకు చేతగాదని మీకు తెలుసు. అయినా చూద్దాం.

మా తుమ్మలకొట్టాలకు అధికారం వచ్చింది ఆ సంవత్సరమే. ఊళ్ళో ఆరోగ్యం పని ఏది చేయాలన్నా ముందు ఊరి సభ ఒప్పుకోవాల, మందు కొట్టాలన్నా సూది వేయాలన్నా మీ ఇష్టమే, మీ తీర్మానమే అని తప్పెట కొట్టి మరీ చెప్పినారు. అంతవరకూ మా ఊరిని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. ఓట్లప్పుడు అడిగేది అడగడం కింద రాదు. అట్లాంటి ఊరిని మొదటిసారి కూచోబెట్టి "మీరేమంటారు?" అంటే ఏమంటుంది? వద్దంటుంది. వద్దనడంలో ఉండే రుచి సరేననడంలో యాడ దొరుకుతుంది!

వద్దన్నది దోమల మందును. వానలకు రాళ్ళగుంతలన్నీ నిండి, ఊరంతా దోమలు ముసిరినాయి. మలేరియా బుడన్‌సాబ్ పంపులు తీసుకొని వచ్చినాడు. తలుపుల ఊరి మనిషి, అయినా మా ఊళ్ళో ఆయనకు తెలియని గడప లేదు. ఇంటింటి గోడలకూ మందు కొడతానన్నాడు. ఊళ్ళో ఇంటింటా పట్టుపురుగులు! మందు గాలి తగిలితే పురుగు తల వాల్చేస్తుంది. మా పురుగుల సుకుమారం మీకు తెలియదు. గోరంట్లలో ఎవడన్నా బీడీ ముట్టిస్తే ఈడ మా పురుగులు మేత మానేసి మొహం తిప్పుకుంటాయి. వియ్యపురాలికి చేయని మర్యాదలు వాటికి చేస్తాం.

ఆ సభలో ఓబుళప్ప లేచినాడు. ఓబుళప్ప నోరు తెరిస్తే నవ్వడానికి ఊరు ముందే సిద్ధంగా ఉంటుంది. "సాబూ, మా ఇంటి దోమ పోయిన శుక్రవారం గోరంట్ల బస్సెక్కినాది. కండక్టరు టికెట్టు అడిగితే ఆయప్పనే కుట్టి పక్కకు పడేసి, ఆ సీట్లో కూచోని విజిలేసి, హిందూపురం దాకా బస్సు నడిపిచ్చుకోని పోయినాది. ఇట్లాంటి దోమకు నీ పంపు మందు యాడ సాలుతాదబ్బా?" అన్నాడు. ఊరు పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే చేతులన్నీ పైకి లేచినాయి. మందు వద్దు.

గూళ్ళు హిందూపురం మార్కెట్టులో మంచి ధరకు పోయినాయి. తర్వాత చలిజ్వరాలు వచ్చినాయి. అంజనప్ప పెండ్లాం నిర్మల, ధర్మవరం మగ్గాలవాళ్ళ ఇంటి పిల్ల, ఆటోలో హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దోవలోనే పోయింది. ఇంకా దినాలు కూడా తీరలేదు. ఈలోపల రెండో పంట పురుగులు తట్టల నిండా బలిసి, రేపో ఎల్లుండో పండి గూడు కట్టేటట్టున్నాయి. మళ్ళీ మందు పంపులు వచ్చి ఊరి ముందర నిలిచినాయి.

మల్లికార్జున అడిగిన మాట ఇది. "మీ ఊరివాళ్ళకు ఇది చేతకాదని తేలిపోయింది కదమ్మా. ఆరోగ్యం విషయంలో మాకు సభ వద్దు, తీర్మానం వద్దు, డిపార్టుమెంటే చూసుకోమని సర్పంచిగా మీరు రాసివ్వండి. పోలీసులను వెంటబెట్టి రేపు పొద్దున్నే కొట్టించేస్తా. మీకూ తలనొప్పి ఉండదు."

చెడ్డవాడు కాదు. ఆయన కళ్ళు కూడా నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన నెత్తినే ఉన్నాయి మరి.

నాగరత్నమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. "ఇంకొక్క తూరి ఊరిని అడగనీ సార్" అంది.

"అడిగితే ఏమంటారో మీకు తెలీదా?"

"తెల్సు. అయినా అడగనీ."

సభ మొదలైంది. మగవాళ్ళు బడి వరండాలో, ఆడవాళ్ళు గోడ నీడన. అంజనప్ప మాత్రం ఎవరికీ తగలకుండా జెండా కట్టె కింద ఎండలో కూచున్నాడు. మైలమనిషి కదా. వాళ్ళమ్మ ఎల్లమ్మ వానికి అల్లంత దూరంలో, మోకాళ్ళు ముడుచుకొని, మొహం కనపడకుండా కొంగు కప్పుకొని కూచుంది.

నాగరత్నమ్మ సంగతి చెప్పి, "ఎవరేమంటారో అనండప్పా" అంది.

మందు వద్దని చేతులు ఎత్తడానికి అందరికీ ఉంది. కానీ ఎండలో ఆ మనిషి కూచోని ఉండగా మొదటి చెయ్యి ఎవడు ఎత్తుతాడు? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలవాటు కొద్దీ ఓబుళప్ప మొహం కూడా చూసినారు. ఓబుళప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని నేల చూస్తున్నాడు.

అప్పుడు అంజనప్పే లేచినాడు.

కొట్టండి మందు, నా పెండ్లాన్ని తిన్న దోమల్ని చంపండి అంటాడనుకున్నారు. బుడన్‌సాబ్ అప్పుడే పంపు మీద చెయ్యి వేసినాడు.

"మందు వద్దు" అన్నాడు అంజనప్ప.

"ఏమంటివప్పా?" అన్నాడు మల్లికార్జున.

"మందు వద్దంటాండా. నా పెండ్లాము దోమతో సావలేదు. దాని ఆయుస్సు అంతే."

ఎల్లమ్మ కొంగులోంచే అందుకుంది. "దోమంట దోమ! దోమ కుడితే మనిషి సస్తాదా? మేమంతా కుట్టించుకోనే ఇంత పొడుగైనాం. నా కోడలికి గాలి సోకినాది. వంక కాడికి ఒంటిగా పోవద్దే అంటే ఇన్యాదా అది?"

చూసినారా, ఆ మాటకు ఊరి వీపు మీద నుంచి మూట దించినట్టయింది. భార్య పోయినవాడే వద్దంటున్నాడు. మనమెవరం మధ్యలో? "అంతే లేప్పా, రాసిపెట్టి ఉండె." "నిజమే, బలం లేని పిల్ల." "ధర్మవరం నీళ్ళు వేరే, మన నీళ్ళు వేరే." తలా ఒక మాట వేసి ఆ చావును మెల్లగా దోమ దగ్గర నుంచి దూరం జరిపినారు. చేతులు ఒకటొకటే లేస్తున్నాయి.

మల్లికార్జున వాచీ చూసుకొని, నాగరత్నమ్మ వైపు 'చెప్పలేదా' అన్నట్టు చూసినాడు.

"చేతులు దించండి" అంది నాగరత్నమ్మ. గట్టిగా అరవలేదు. కానీ చేతులు దిగినాయి. "పోయిన సభలో సాబు మాట సగంలో ఉండంగానే చేతులెత్తండి అన్నది ఎవరు?"

ఆమే తన వైపు వేలు చూపించుకుంది.

"నేను. ఆయప్ప మాట పూర్తయితే మీరు యాడ ఒప్పుకుంటారో అని నా భయం. అందరి కంటే ముందు పండేది నా పురుగే. నా తట్టల కోసరమే ఊరి చేతులు ఎత్తిచ్చినా. ఆ సభ మర్నాడు తెల్లారుతానే నిర్మల గోడ కాడికి వచ్చినాది."

ఆ గోడ సంగతి చెప్పాల. నాగరత్నమ్మ ఇంటికీ అంజనప్ప ఇంటికీ మధ్య ఒకటే గోడ. అది కప్పు దాకా పోదు. దాని మీదుగానే చారు గిన్నెలు, చంటిపిల్లలు, తగాదాలు ఇటూ అటూ పోతుంటాయి.

"వదినా, మందు కొట్టనీ వదినా అనె. మా ధర్మవరంలో మగ్గం గుంతలో కూచోని నేస్తా నేస్తా, ఆ గుంత దోమలు కుట్టి మా చెల్లెలు పోయినాది వదినా, ఒక పంట పోతే పోనీ అనె. నేనేమంటి? గూళ్ళు దిగనీ మే, తర్వాత చూస్తాం అంటి. సర్పంచిని కదా, చూస్తాం అనేది బాగా నేర్చుకున్నా."

అంజనప్ప అట్లే నిలబడి ఉన్నాడు. "ఊరుకో అక్కా" అన్నాడు.

"ఊరుకోను రా. ఆ పిల్ల అడిగింది నన్ను. చేసుండాల్సింది నేను."

"నిన్నొక్కదాన్నే అడిగినాదనుకుంటాండావా?" అన్నాడు అంజనప్ప. "నన్ను అడగలేదా? పక్కలో పండుకోని అడిగినాది. అన్నం పెడతా అడిగినాది. నేనేమన్నా? గూళ్ళు దిగనీయే, అన్నా. ఇదో, నువ్వు అన్న మాటే. దోమతోనే సచ్చినాదని ఇప్పుడు నేను ఒప్పుకుంటే..."

ఆ మాట పూర్తి చేయాల్సిన అవసరం కూడా లేదు.

అప్పుడు గోడ నీడన కూచున్న లక్ష్మీదేవి ఎవరితోనో అన్నట్టు కాక తనలో తాను అనుకున్నట్టు అంది. "మా ఇంటికి గూడా వచ్చినాది."

"నీ ఇంటికా?" అంది నాగరత్నమ్మ.

"ఊ. చేటలో పల్లీలు చెరుగుతా చెరుగుతా చెప్పినాది. గూళ్ళు దిగనీమ్మా అంటి."

"నాతో బోరింగు కాడ అనె" అని ఇంకొకామె.

"నాకు ఆకు కోసేకాడ చెప్పినాది. నాతోనే చెప్తాంది కాబోలు అనుకుంటి."

ఒకరి తర్వాత ఒకరు. ఆ పిల్ల ఊరంతా తిరిగింది. తప్పెట లేదు, సభ లేదు, చేతిలో బిందెనో చేటనో పట్టుకొని, గడప గడపకూ పోయి, మందుకు ఒప్పుకోమని అడిగింది. ప్రతి ఇల్లూ తననొక్కరినే అడిగిందనుకుంది. ప్రతి ఇల్లూ ఒకటే బదులు చెప్పింది. కూడబలుక్కున్నా అంత బాగా కుదరదు. అధికారం మీదే అని పైవాళ్ళు మాకు చెప్పినప్పుడు నవ్వుకొని చేతులెత్తినాం గానీ, ఆ మాటను నిజమని నమ్మి పని మొదలుపెట్టిన మనిషి మా ఊళ్ళో ఆమె ఒక్కతే. ఆ సంగతి మాకు ఆమె పోయినాక తెలిసింది.

ఇళ్ళలో పురుగులు ఆకు మేసే చప్పుడు, వాన చినుకుల్లాంటి ఆ చప్పుడు, ఎప్పుడూ చెవికి ఇంపుగా ఉండేది. ఆ పొద్దు వినలేకపోయినాం.

మల్లికార్జున మెత్తగా అన్నాడు. "సరేనమ్మా. జరిగింది జరిగింది. ఇప్పటికైనా రాసివ్వండి. మిగతాది నేను చూసుకుంటా."

"రాసియ్యను సార్."

"ఇంత విన్నాక కూడానా?"

"విన్నాను కాబట్టే. తప్పు చేసింది మేము. మీరొచ్చి పోలీసులతో దిద్దిపోతే ఇంక మాకేం మిగుల్తాది? రేపు ఇంకోటి వస్తాది, అప్పుడూ మీకోసం ఎదురు చూస్తా కూచోవాల్నా? ఆ పిల్ల మీ ఆఫీసుకు రాలేదు సార్. మా గడపలకు వచ్చినాది."

"మాటలు బాగున్నాయి. పురుగులను ఏం చేస్తారు?"

నాగరత్నమ్మ బుడన్‌సాబ్ వైపు తిరిగింది. "సాబూ, ఈ బడి గోడలకు మందు కొట్టకుండా వదిలేస్తే? తట్టలన్నీ ఈడికి మోస్తాం. పురుగు పండి గూడు కట్టేదాకా ఈడే ఉంటాయి. ఈ లోపల మా ఇండ్లన్నిటికీ కొట్టుకో."

బుడన్‌సాబ్ గడ్డం గోక్కున్నాడు. గాలి ఎటు వీస్తుందో చూసినాడు. "బడి ఊరికి పైపక్క ఉండాది సర్పంచమ్మా. గాలి ఇటు రాదు. పిల్లకాయలకు నాలుగు దినాలు సెలవిచ్చుకోండి. నేను మీ కింది వీధి నుంచి మొదలుపెడతా. కానీ మా బ్యాచీ రేపు గోరంట్ల పోవాల. ఈ పొద్దు పొద్దు గుంకేలోపల తట్టలు లేవాల."

"సాయంత్రానికి ఇండ్లు ఖాళీ కాకపోతే" అన్నాడు మల్లికార్జున జీపెక్కుతూ, "ఊరు మళ్ళీ ఒప్పుకోలేదని రాసి పంపుతా. ఆపైన మీరు రాసివ్వాల్సిన పని కూడా ఉండదు." అంటూనే జీపు దిగి, వేపచెట్టు నీడన బానెట్టు మీద కూచున్నాడు. ఉండి చూడాలనిపించిందేమో.

ఊరు లేచింది. తట్టలు నెత్తిన పెట్టుకొని, పురుగులు గూడు కట్టే వెదురు చంద్రికలు ఇద్దరిద్దరు పట్టుకొని, నడుమ నడుమ తిట్టుకుంటా బయల్దేరినారు. పురుగుల తట్ట ఎండలో వీధిన పోవడం మా ఊళ్ళో ఎవడూ చూసి ఎరగడు. మామూలుగా పక్కింటివాళ్ళ దిష్టి తగులుతుందని గది తలుపే తీయం. ఆ పొద్దు ఊరి పురుగులన్నీ ఊరేగింపు పోయినాయి. "మెల్లగా పోరా, పెండ్లికూతుర్ని మోస్తాండావు!" "నీ తట్ట ఒంగుతాంది సూడు మే!" "నా పురుగులకు ఎండదెబ్బ తగిల్తే నీ గూళ్ళు సగం నాకు!" కాస్త నవ్వు కూడా పుట్టింది. పుట్టి, బడి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఎందుకంటే అంజనప్ప తట్ట తెస్తున్నాడు.

మా పక్క ఇది పెద్ద పట్టింపు. మైలింటి మనిషి పురుగుల గదిలో కాలు పెట్టకూడదు. మైలింటి తట్ట ఇంకొకరి తట్ట పక్కన పెడితే పురుగు తెల్లగా బిగుసుకొని పంటంతా సున్నం పట్టిపోతుందని నమ్మకం. అది నిజమో కాదో అడిగినవాడు లేడు. అంజనప్ప పురుగులు అంజనప్ప ఇంట్లోనే ఉన్నన్నాళ్ళు ఎవరికీ బాధ లేదు. ఇప్పుడు అన్నీ ఒక్క కప్పు కింద పెట్టాల. వాని తట్టలు బయట ఉంటే ఎండకు చస్తాయి. ఇంట్లో ఉంటే మందుకు చస్తాయి. లోపలికి వస్తే, సగం మంది తమ తట్టలు తీసుకొని ఇండ్లకు తిరిగిపోతారు. ఒక్క ఇల్లు తిరిగినా సాయంత్రానికి లెక్క తప్పుతుంది.

అంజనప్ప గుమ్మానికి ఇవతలే ఆగినాడు. నెత్తిన తట్ట. వాని వెనక ఎల్లమ్మ, చిన్న తట్ట చేతుల్లో పట్టుకొని.

"మావి బయటే పెట్టుకుంటాం లే అక్కా" అన్నాడు. "పోతే పోనీ. ఇంగ ఏం పోవాల నాకు."

"ఇట్ల తే. నా తట్టల పక్కన పెట్టు" అంది నాగరత్నమ్మ.

లోపల గుసగుస మొదలైంది. ఆమె తట్టలకు అటుపక్క ఉన్న కుళ్ళాయప్ప తన తట్ట చెవులు పట్టుకొని లేపబోయినాడు. గుమ్మానికి ఎదురుగా ఉన్న జాగా ఓబుళప్పది. వాని తట్టలు దాటకుండా ఎవరూ లోపలికి పోలేరు. అందరూ వాని వైపు చూసినారు. ఒక్క మాట అంటే చాలు, ఇటో అటో తేలిపోతుంది. ఎంత పెద్ద కోత కోసినా నవ్వేవాళ్ళు ఉన్నారు.

ఓబుళప్ప వంగి, తన తట్టలను ఒకటొకటే గోడకేసి జరిపినాడు. మనిషి పట్టేంత దోవ చేసినాడు. అంతటితో ఆగకుండా తన తట్టకూ నాగరత్నమ్మ తట్టకూ మధ్య జాగా చేసి, తువ్వాలుతో నేల తుడిచి, పక్కకు నిలబడినాడు. అంజనప్ప లోపలికి వచ్చి తట్ట దించినాడు. కుళ్ళాయప్ప చేతులు తన తట్ట మీద కాసేపు ఉండి, వదిలేసినాయి.

కింది వీధిలో పంపు చప్పుడు మొదలైంది. మల్లికార్జున బానెట్టు దిగి, ఒక ముసలామె చంద్రికకు ఇంకో కొస పట్టుకున్నాడు.

ఆ సందడిలో ఎల్లమ్మను ఎవరూ చూడలేదు. ఆమె ఇంకా గుమ్మం బయటే ఉంది. చేతుల్లో చిన్న తట్ట గడగడా వణుకుతోంది. లోపల ఆకులు ఎగిరెగిరి పడుతున్నాయి. కోడలి మీద దుఃఖం అనుకున్నారు ఆడవాళ్ళు. "అవ్వా, ఇట్లియ్యి" అని లక్ష్మీదేవి పోతే, "తాకొద్దు" అని విదిలించుకుంది.

పంపు నింపుకోవడానికి బడి పక్క బోరింగు దగ్గరకు వచ్చిన బుడన్‌సాబ్ ఆగి చూసినాడు. ఎండకు తారు కరుగుతోంది. ఎల్లమ్మ పెదాలు నల్లబడి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన పంపు కింద పెట్టి, దగ్గరకు వచ్చి, తట్ట మెల్లగా తీసుకొని, చెవి దగ్గర అడిగినాడు.

"అవ్వా, ఎప్పట్నుంచి?"

ఎల్లమ్మ గుమ్మంలోకి చూసింది. లోపల అంజనప్ప వంగి ఆకు సర్దుతున్నాడు.

"ఆ పిల్ల పోయిన మర్నాటి నుంచి" అంది. "దినం మార్చి దినం వస్తాంది. గాలి సోకినాదని ఊరంతా నేనే చెప్తి కదా సాబూ. ఇప్పుడు నాకూ అదే జ్వరం అని తెలిస్తే, వాడు తట్టుకుంటాడా? నేను పోయినాక చెప్పుకో. మావానికి మాత్రం ఇప్పుడే చెప్పొద్దు."

బుడన్‌సాబ్ కళ్ళు ఆమెను దాటి గుమ్మంలోకి పోయినాయి. ఆకు సర్దుతున్న అంజనప్ప ఎప్పుడు లేచినాడో, ఎప్పుడు వచ్చినాడో, వాళ్ళమ్మ వెనకాలే నిలబడి ఉన్నాడు.